కొత్త టేబుల్ సాలో ఏడు లోపాలు దొరికాయి.. కానీ అసలు లోపం ఒక్కటే!

ఇప్పటిదాకా నేను ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకులే ఎక్కువగా రివ్యూ చేశాను. చేతికొచ్చిన వాటిలో అన్నిటికంటే బరువైనది ఒక గేమింగ్ ల్యాప్‌టాప్. ఈసారి వచ్చిన బాక్స్‌ని దింపడానికి నలుగురు మనుషులు కావాల్సొచ్చింది. లోపల ఉన్నది 10 అంగుళాల బ్లేడ్, పోత ఇనుము టేబుల్ ఉన్న టేబుల్ సా. మన దగ్గర కార్పెంటర్లు ‘బీడు టేబుల్ మిషిన్’ అంటారు చూడండి, అదే. బరువు 110 కిలోలు. డెలివరీతో కలిపి 68 వేల రూపాయలు.

కొన్నది నా కోసం కాదు. లాల్‌దర్వాజ దగ్గర ఒక గల్లీలో మా మామకి చిన్న కార్పెంటరీ షెడ్ ఉంది. తలుపులు, కిటికీలు, మంచాలు చేస్తాడు. ఆయన పాత రంపం మిషిన్‌కి ప్లైవుడ్ టేబుల్, విడిగా బిగించిన మోటార్. గార్డూ లేదు, ఏమీ లేదు. చాలా ఏళ్ల క్రితం దాని మీద ఒక టేకు చెక్క వెనక్కి తన్నింది. అప్పటి నుంచి మామ ఎడమ చేతి చూపుడు వేలు సగమే ఉంది. అందుకే ఈసారి సేఫ్టీ ఉన్న మిషిన్ కొందామని పట్టుబట్టింది నేను, ఏదో ఒకటి చాలన్నది ఆయన.

బోనాలకి పది రోజుల ముందు లారీ వచ్చింది. గల్లీలోకి దూరలేదు. శాలిబండ మెయిన్ రోడ్డు మీద దింపి, ట్రాలీ ఆటోలో లోపలికి తెచ్చాం. అప్పుడే ముసురు మొదలైంది. నేను మాత్రం అలవాటు ప్రకారం బాక్స్ సీల్ దగ్గర నుంచి ఒక్క కట్ లేకుండా అన్‌బాక్సింగ్ వీడియో తీశాను. మామ నవ్వాడు. ఆ వీడియోనే తర్వాత మమ్మల్ని కాపాడింది.

పోత ఇనుమే ఎందుకు?

బరువు ఒక కారణం. రెండోది, పోత ఇనుము లోపల గ్రాఫైట్ చిన్న చిన్న పొరల్లా ఉంటుంది. మోటార్ వైబ్రేషన్‌ని అది మింగేస్తుంది. అల్యూమినియం, రేకు టేబుళ్లు ఆ పని అంత బాగా చేయలేవు. ఒకసారి సరిగ్గా గ్రైండ్ చేస్తే ఏళ్ల తరబడి సాపుగా ఉంటుంది కూడా.

కానీ చిక్కు కూడా ఇక్కడే ఉంది. కరిగిన ఇనుము అచ్చులో చల్లారేటప్పుడు సన్నటి భాగాలు ముందు, మందపాటివి తర్వాత గట్టిపడతాయి. దాంతో లోపల ఒత్తిడి మిగిలిపోతుంది. ఆ ఒత్తిడి పోయేదాకా ఆగకుండా హడావుడిగా గ్రైండ్ చేసి అమ్మేస్తే, టేబుల్ నెమ్మదిగా వంకర తిరుగుతుంది. ఫోన్‌లో తేడా వస్తే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కోసం చూస్తాం. ఇనుముకి అప్‌డేట్ రాదు. రిటర్న్‌కి మాకున్న టైమ్ 7 రోజులు. కాబట్టి ఆ 7 రోజుల్లోనే అన్నీ కొలవాలి.

కొలవడానికి ఫోన్ చాలదా?

నేను మొదట చేసిన పని ఫోన్‌లో లెవెల్ యాప్ ఓపెన్ చేసి టేబుల్ మీద పెట్టడం. మామ చూసి, “ఏం రా, బీడు మిషిన్‌ని ఫోన్‌తోని కొలుస్తవా?” అన్నాడు.

ఆయన అన్నది కరెక్టే. ఒక డిగ్రీ తేడా అంటే 600 మి.మీ. పొడవులో 10 మి.మీ. పైన. 0.1 డిగ్రీ చూపించే యాప్ అయినా అది 1 మి.మీ. తేడా. మనకి కావాల్సింది 0.1 మి.మీ. అంటే దాదాపు 0.01 డిగ్రీ. పైగా ఇప్పటి ఫోన్లకి వెనక కెమెరా బంప్ ఉంటుంది కాబట్టి అసలు సాపుగా కూర్చోవు. పైపెచ్చు లెవెల్ యాప్ చెప్పేది టేబుల్ ఎటైనా వాలి ఉందా లేదా అనే. టేబుల్ సాపుగా ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న.

నేను వాడినవి ఇవి:

• స్టీల్ స్ట్రెయిట్ ఎడ్జ్. జుమ్మేరాత్ బజార్‌లో సెకండ్ హ్యాండ్‌ది. కొనే ముందు దాన్నే చెక్ చేయాలి. కాగితం మీద గీత గీసి, స్కేల్‌ని తిరగేసి అదే గీత మీద మళ్లీ గీయండి. రెండు గీతలు ఒకటైతే స్కేల్ మంచిది. మధ్యలో ఖాళీ కనిపిస్తే అక్కడే వదిలేయండి.

• ఫిల్లర్ గేజ్. బైక్ మెకానిక్‌లు ట్యాపెట్ సెట్టింగ్‌కి వాడే సన్నటి స్టీల్ రేకుల కట్ట. ఆటో స్పేర్స్ షాపుల్లో దొరుకుతుంది. అది లేకపోతే 80 జీఎస్‌ఎం ఏ4 కాగితం వాడొచ్చు. దాని మందం దాదాపు 0.1 మి.మీ.

• డయల్ గేజ్, మ్యాగ్నెటిక్ స్టాండ్. 0.01 మి.మీ. దాకా చూపిస్తుంది. రాణిగంజ్‌లో కొన్నాను.

• డిజిటల్ కాలిపర్.

ఫోన్‌తో పని లేదా అంటే ఉంది. స్ట్రెయిట్ ఎడ్జ్ వెనకాల ఫ్లాష్‌లైట్ పెడితే ఎక్కడ సందు ఉందో వెలుతురు చెప్పేస్తుంది. ప్రతి రీడింగ్‌నీ వీడియో తీసుకోవచ్చు. ఒక్క మాట మర్చిపోవద్దు: కొలిచేటప్పుడు స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదు, ప్లగ్ పీకేయాలి.

మిషిన్ తప్పు కాని మూడు లోపాలు

మొదటిది, టేబుల్ మెలి. ఒక మూల నుంచి ఎదురు మూలకి స్ట్రెయిట్ ఎడ్జ్ పెడితే మధ్యలో 0.5 మి.మీ. సందు. రెండో వైపు నుంచి పెడితే మధ్యలో ఎత్తు. అంటే టేబుల్ మెలి తిరిగింది. నా గుండె జారింది. మామ మాత్రం టేబుల్ వైపు చూడనే లేదు, కింద కాళ్ల వైపు చూశాడు. షెడ్‌లో షాబాద్ బండలు పరిచి ఉన్నాయి. పాతబస్తీ ఇళ్లలో తెలిసిందే కదా, ఏ రెండు బండలూ ఒకే ఎత్తులో ఉండవు. నాలుగు కాళ్లలో ఒకటి గాల్లో ఉంది, మిషిన్ బరువంతా మిగతా మూడింటి మీద పడి స్టాండ్ మెలి తిరుగుతోంది. ఆ కాలు కింద స్టీల్ రేకులు పెట్టి మళ్లీ కొలిస్తే 0.12 మి.మీ. చెక్క పనికి ఇది మంచి నంబరే. ఇంత బరువున్న మిషిన్‌నీ నేల వంచగలదని నాకు ఆ రోజే తెలిసింది.

రెండోది, స్విచ్ వేయగానే ఎంసీబీ ట్రిప్. మూడు సార్లు వేస్తే మూడు సార్లూ పడిపోయింది. మోటార్ షార్ట్ అనుకున్నాను. నిజానికి 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటార్ నడిచేటప్పుడు సుమారు 10 ఆంపియర్లు తీసుకుంటే, స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి 5 నుంచి 7 రెట్లు లాగుతుంది. షెడ్‌లో ఉన్నది 16 ఆంపియర్ల ‘బి’ టైప్ ఎంసీబీ. అది 3 నుంచి 5 రెట్లకే, అంటే 48 నుంచి 80 ఆంపియర్ల మధ్యే పడిపోతుంది. మోటార్లకి వాడేది ‘సి’ టైప్, అది 5 నుంచి 10 రెట్ల దాకా ఆగుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి వైరింగ్, ఎర్తింగ్ చూసి ఎంసీబీ మార్చాడు. ప్రాబ్లమ్ సాల్వ్. ఇది మాత్రం మీరు సొంతంగా చేయొద్దు, వైర్ మందం చూడకుండా ఎంసీబీ మార్చడం ప్రమాదం.

మూడోది, స్పెక్ షీట్. లిస్టింగ్‌లో మోటార్ స్పీడ్ 3450 ఆర్‌పీఎం అని ఉంది. మోటార్ మీద ప్లేట్ 2850 అంటోంది. మోసం చేశారా? కాదు. 3450 అనేది అమెరికా లెక్క, అక్కడ కరెంట్ 60 హెర్ట్జ్. మన దగ్గర 50 హెర్ట్జ్. ఇలాంటి రెండు పోల్‌ల మోటార్‌కి ఇక్కడ గరిష్ఠ పరిమితి 3000, లోడ్ మీద 2850 దగ్గర తిరుగుతుంది. ఎవరో అమెరికా పేజీని కాపీ పేస్ట్ చేశారు, అంతే. బ్లేడ్ స్పీడ్‌ని బెల్ట్ పుల్లీలు నిర్ణయిస్తాయి. లేజర్ ట్యాకోమీటర్‌తో చూస్తే బ్లేడ్ 4000 దగ్గర ఉంది. 10 అంగుళాల బ్లేడ్‌కి అది చాలు. ఆ స్పీడ్‌లో రంపం పన్ను గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ఈ నంబర్ గుర్తు పెట్టుకోండి.

మనమే సరిచేసుకోవాల్సిన మూడు లోపాలు

నాలుగోది తుప్పు. గ్రీజు సరిగ్గా అంటని చోట నాలుగైదు నారింజ రంగు మచ్చలు. పోత ఇనుముకి ముసురు పట్టిన రెండు రోజులు చాలు. కిరోసిన్‌తో గ్రీజు తుడిచి, పెయింట్ షాపులో దొరికే నైలాన్ స్క్రబ్ ప్యాడ్‌తో తుప్పు తీసి, పేస్ట్ వ్యాక్స్ రాశాం. సిలికాన్ ఉన్న స్ప్రేలు వాడకండి. అది చెక్కకి అంటుకుంటే తర్వాత పాలిష్ పట్టదు.

ఐదోది పక్క రెక్క. టేబుల్‌కి కుడి పక్కన బిగించే ఎక్స్‌టెన్షన్ బయటి అంచు 0.4 మి.మీ. కిందికి వాలింది. బోల్టులు వదులు చేసి, జాయింట్ కింది భాగంలో సన్నటి రేకు ముక్క పెట్టి బిగిస్తే అంచు పైకి లేచింది. పది నిమిషాల పని.

ఆరోది ముఖ్యమైనది. టేబుల్ మీద మైటర్ గేజ్ జారే పొడవాటి గాడి ఉంటుంది. బ్లేడ్ ఆ గాడికి సమాంతరంగా ఉండాలి. కొలిచే పద్ధతి సింపుల్: బ్లేడ్‌కి ఒక పన్ను దగ్గర మార్కర్‌తో గుర్తు పెట్టండి. గాడిలో కూర్చోబెట్టిన డయల్ గేజ్‌తో ఆ పన్నుని ముందు వైపు కొలవండి. బ్లేడ్‌ని చేత్తో తిప్పి, అదే పన్నుని వెనక వైపుకి తెచ్చి మళ్లీ కొలవండి. ఒకే పన్ను ఎందుకంటే, అప్పుడే బ్లేడ్‌లో ఉన్న వంకర లెక్కలోకి రాదు. మాకు వచ్చిన తేడా 0.45 మి.మీ.

ఇది చిన్న నంబరే. కానీ బ్లేడ్ ముందు పళ్లు చెక్కని కిందికి కోస్తాయి, వెనక పళ్లు పైకి లేస్తుంటాయి. వెనక భాగం ఫెన్స్ వైపు వాలి ఉంటే, చెక్క వాటి మధ్య ఇరుక్కుంటుంది. లేస్తున్న పన్ను దాన్ని పట్టుకుని మీ మీదికి విసురుతుంది. ఇందాక చెప్పిన 190 కిలోమీటర్ల స్పీడ్ ఇక్కడ పని చేస్తుంది. చెక్క వెనక్కి తన్నడం అంటే ఇదే. మామ వేలు పోయింది కూడా ఇలాగే. మా మిషిన్‌లో బ్లేడ్ వెనకాల రైవింగ్ నైఫ్ అనే స్టీల్ రేకు ఉంది. కోసిన చెక్క మళ్లీ మూసుకుని బ్లేడ్‌ని నొక్కకుండా అది అడ్డుకుంటుంది. కానీ బ్లేడే వంకరగా ఉంటే అదొక్కటే కాపాడలేదు.

టేబుల్ కింద బ్లేడ్ సెట్‌ని పట్టుకునే నాలుగు బోల్టులు ఉన్నాయి. మూడింటిని వదులు చేసి, ఒకదాన్ని కొద్దిగా బిగువుగా ఉంచి, చెక్క సుత్తితో మెల్లగా తట్టాలి. తట్టడం, కొలవడం, మళ్లీ తట్టడం. గంటన్నర పట్టింది. చివరికి 0.06 మి.మీ. ఆ తర్వాత ఫెన్స్‌ని కూడా గాడికి సమాంతరంగా సెట్ చేశాం. ఈ పనికి మేం పెట్టిన ఖర్చు మామ తాగిన మూడు ఇరానీ చాయ్‌లు.

ఏడో లోపం.. అసలైనది

అంతా అయిపోయిందనుకుని ఒక టేకు ముక్క కోశాం. నాకు అంతా బాగానే అనిపించింది. మామ స్విచ్ ఆఫ్ చేసి, “రంపం ఊగుతుంది రా అల్లుడా. చెవిన బడ్తలేదా?” అన్నాడు.

నాకు ఏమీ వినబడలేదు. కాలిపర్‌తో కోత వెడల్పు కొలిచాను. బ్లేడ్ పళ్ల మందం 3.0 మి.మీ. అయితే కోత 3.4 ఉంది. అంటే బ్లేడ్ తిరుగుతూ పక్కలకి ఊగుతోంది. డయల్ గేజ్ కంటే ముందు ఆయన చెవి పట్టేసింది.

తప్పు బ్లేడ్‌దా, మిషిన్‌దా? దీనికో సింపుల్ టెస్ట్ ఉంది. బ్లేడ్ అంచు దగ్గర డయల్ పెట్టి చేత్తో తిప్పి, ఎక్కడ ఎక్కువ ఎత్తు వస్తోందో బ్లేడ్ మీద, బ్లేడ్‌ని బిగించే ఇరుసు మీద గుర్తులు పెట్టాను. ఈ ఇరుసునే ఆర్బర్ అంటారు. తర్వాత బ్లేడ్‌ని వదులు చేసి సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించాను. ఎత్తు బ్లేడ్ గుర్తుతో పాటు జరిగితే బ్లేడ్ వంకర. ఆర్బర్ గుర్తు దగ్గరే ఆగిపోతే ఆర్బర్ వంకర. మాది ఆర్బర్ దగ్గరే ఆగింది.

బ్లేడ్ తీసేసి, అది ఆనుకునే ఫ్లాంజ్ మీద నేరుగా కొలిస్తే 0.06 మి.మీ. వినడానికి ఏమీ లేదు. కానీ నేను కొలిచిన చోటు మధ్య నుంచి 20 మి.మీ. దూరం, బ్లేడ్ అంచు 120 పైన. అంటే ఆరు రెట్లు. ఫ్లాంజ్ మీద 0.06, పళ్ల దగ్గరికొచ్చేసరికి 0.36. కోతలో కనబడ్డ తేడా ఇదే.

“లేత్ కాడికి తీస్కపోదాం. గంటల సాపు చేస్తడు” అన్నాడు మామ. నిజమే, తెలిసిన లేత్ షాపులో ఫ్లాంజ్‌ని ఒక పొర తీయించుకుంటే కొన్ని వందల్లో పని అయిపోతుంది. జంట నగరాల్లో ఇలాంటి పని తెలిసిన చేతులకి కొదవ లేదు. 1943లో సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ మొదలైనప్పటి నుంచి మెషిన్ టూల్స్ తయారుచేసిన ఊరు ఇది. కానీ ఆర్డర్లు వెనకబడుతున్నా, ఆ రోజు నేను ఒప్పుకోలేదు. తుప్పు, రెక్క, బ్లేడ్ అలైన్‌మెంట్.. ఇవి మిషిన్‌లోనే సర్దుకోవడానికి వీలుగా ఇచ్చినవి. ఆర్బర్‌కి సర్దుకునే బోల్టు లేదు. అది ఫ్యాక్టరీలో సరిగ్గా చేయాల్సిన భాగం. దాని మీద మనం చెయ్యి వేస్తే వారంటీ పోతుంది. లోపల బేరింగ్ కూడా తేడాగా ఉంటే ఆ తర్వాత అడిగే హక్కు కూడా మిగలదు.

సెల్లర్‌తో ఫైట్

ఐదో రోజున మెయిల్ పెట్టాను. మొదటి జవాబు: “చెక్క మిషిన్‌కి ఈ మాత్రం ఊగడం నార్మల్.” డయల్ గేజ్ వీడియో, సగం చుట్టు టెస్ట్ వీడియో పంపాను. రెండో జవాబు: “ట్రాన్స్‌పోర్ట్‌లో దెబ్బ తగిలి ఉంటుంది.” అన్‌బాక్సింగ్ వీడియో పంపాను, బాక్స్‌కి ఒక్క సొట్ట లేదు. మూడో జవాబు అసలు ట్విస్ట్: “మీరు షాపు కోసం కొన్నారు, ఇది కమర్షియల్. వినియోగదారుల చట్టం మీకు వర్తించదు.”

చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. తగ్గకండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారని అందులో ఉన్న మాట నిజమే. కానీ స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం, తానే వాడుకోవడానికి కొన్న వస్తువు ‘కమర్షియల్’ కిందికి రాదని అదే చట్టం చెబుతోంది. సొంత చేతులతో తలుపులు చేసుకునే కార్పెంటర్, సొంతంగా నడుపుకునే ఆటో డ్రైవర్.. వీళ్ల కోసమే ఆ మాట. అదే ఏడాది వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం, లోపం ఉన్న వస్తువుని వెనక్కి తీసుకోనని సెల్లర్ అనకూడదు. ఫిర్యాదు అందినట్టు గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి.

ఈ విషయాలన్నీ మర్యాదగానే రాసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు చేశాను. తేలకపోతే జిల్లా కమిషన్‌కి వెళ్దామనుకున్నాం. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు కూడా లేదు. అంతదాకా పోలేదు. మెయిల్ పెట్టిన 19వ రోజున కొత్త ఆర్బర్ బేరింగ్‌లతో సహా వచ్చింది. బిగించడానికి ఒక టెక్నీషియన్ కూడా వచ్చాడు. ఫ్లాంజ్ మీద 0.015, బ్లేడ్ అంచు దగ్గర 0.09, కోత 3.1 మి.మీ. ఆ 19 రోజులూ మామ పాత మిషిన్ మీదే పని చేశాడు. ఆర్డర్లు ఆలస్యమయ్యాయి, బోనాలు వచ్చి వెళ్లిపోయాయి. ఈ ఖర్చు ఏ బిల్లులోనూ కనబడదు.

కొనొచ్చా?

బ్రాండ్ పేరు చెప్పట్లేదు. ఒక్క పీస్ చూసి కంపెనీ మొత్తానికి మార్కులు వేయడం కరెక్ట్ కాదు. పోత ఇనుము టేబుల్ సా మాత్రం కొనొచ్చు, రైవింగ్ నైఫ్ ఉంటేనే. టెస్ట్ ఆర్డర్ ఇలా పెట్టుకోండి: ముందు కాళ్లు, కరెంట్. తర్వాత ఆర్బర్. అది పాసైతేనే టేబుల్, రెక్కలు, బ్లేడ్, ఫెన్స్. నేను ఆర్బర్‌ని చివరికి వదిలేసి రెండు రోజులు పోగొట్టుకున్నాను.

గ్యాడ్జెట్ ప్రియులకి ఇంకో మాట. అమెరికాలో సాస్టాప్ అనే కంపెనీ 2004 నుంచి అమ్ముతున్న టేబుల్ సాలు, వేలు తగలగానే 5 మిల్లీసెకన్లలో బ్లేడ్‌ని ఆపేస్తాయి. ఐడియా దాదాపు మీ ఫోన్ టచ్‌స్క్రీన్‌దే. బ్లేడ్‌లో చిన్న ఎలక్ట్రికల్ సిగ్నల్ ఉంటుంది, ఒంటి స్పర్శకి అది మారుతుంది. వెంటనే ఒక అల్యూమినియం దిమ్మె బ్లేడ్ పళ్లలోకి దూసుకెళ్లి ఆపేస్తుంది. అమెరికాలోనే ఏటా సుమారు 30 వేల మంది టేబుల్ సా బ్లేడ్ గాయాలతో ఎమర్జెన్సీకి వెళ్తారని అక్కడి ప్రభుత్వ సంస్థ అంచనా. 68 వేల మిషిన్‌లో ఆ టెక్నాలజీ లేదు. మనకున్నది డయల్ గేజ్, పుష్ స్టిక్, ఓపిక.

కొత్త ఆర్బర్ బిగించాక మామ మొదటి టేకు పలక కోశాడు. ఆపి, కోత అంచు మీద ఆ సగం వేలితో రాసి చూసుకున్నాడు. “ఇగ చిత్రిక వట్టే పని లేదు” అన్నాడు. పాత మిషిన్ ఇంకా షెడ్ మూలనే ఉంది. దాని ప్లగ్ మాత్రం నేనే కోసేశాను.